లక్కమూత చెంబు

గాలి చచ్చిపోయింది. ఏదో మాటవరసకు అంటున్న మాట కాదిది. తెరచాప దండెం మీద ఆరేసిన పాత చీరలా కొయ్యను పట్టుకుని వేళ్ళాడుతోంది, దాని అంచైనా కదలటం లేదు. ఇక సముద్రమంటారా? నీలమణులు రాశులు పోసి కరిగించి దిక్కుల అంచులదాకా ఒలకబోసినట్టు నిగనిగలాడుతోంది. ఆకాశంలో వేయి కిరణాల దొర తన రథాన్ని నడినెత్తిన ఆపి గుర్రాలను విప్పేశాడేమో, ముందుకు కదిలే ఊసే లేదు. ఎంత అందం! గొంతు తడిగా ఉన్నవాడెవడైనా అది చూస్తే ఆశువుగా ఒక సీసపద్యం అందుకునేవాడు. ఈ పడవలోవాళ్ళకు మాత్రం ఆ అందం చూస్తుంటే ఒళ్ళు మండుకొచ్చింది.

పడవంటే రత్నాల అంగళ్ళకు తిరిగే మహానౌక అనుకునేరు. నలుగురు కాళ్ళు చాపితే అయిదోవాడు నిలబడాల్సిందే. ఒక్క మేకైనా లేకుండా పలకలను కొబ్బరిపీచు తాళ్ళతో కుట్టిన బుల్లి పడవ అది. కుట్ల సందుల్లోంచి ఉప్పునీరు ఊరుతూనే ఉంటుంది. మెలకువగా ఉన్నవాళ్ళెవరో ఒకరు దాన్ని తోడి పారబోస్తూనే ఉండాలి.

చుక్కాని పట్టుకున్న ముసలివాడు అసిరప్ప తండేలు. పడవ నడిపే పెద్దను ఆ తీరంలో తండేలంటారు. పడవ అడుగున కూర్చుని నీళ్ళు తోడుతున్నది అతని కూతురు దాలమ్మ. ఈతలో చేపకు పాఠాలు చెప్పగలదు, మాటల్లో మనిషికి. కొయ్య నీడలో ముడుచుకుని, ఒళ్ళో రాగిచెంబు పెట్టుకుని, మొలకు గోచీ, తలకు చిరుగుగుడ్డ చుట్టుకుని కనిపిస్తున్న ఆ కుర్ర జాలరి ఉన్నాడే, ఆయన జాలరి కాడు. తరంగిణీపుర యువరాజు శరభాంకుడు! రేవుల్లో మాంత్రికుడి వేగుల కళ్ళు కప్పటానికి వేసిన వేషమది. ఎండకు తోలు ఊడి, పెదవులు పగిలి, అరచేతులు తాళ్ళకు కోసుకుపోయి ఇప్పుడది వేషంలా కూడా లేదు.

ఆ రాగిచెంబు సంగతి చెప్పకపోతే తర్వాతి కథ అర్థం కాదు. ధూమ్రజంఘుడనే మాంత్రికుడొకడు రాజుగారి కూతురు హేమాంగిని తనకిమ్మన్నాడు. రాజు మెడపట్టి గెంటించాడు. వాడు కోట గుమ్మంలో నిలబడి, తన కపాలపాత్ర బోర్లించి ఏదో గొణిగాడు. అంతే, రాజ్యమంతటా నదులు, చెరువులు, నూతులు ఎండిపోయాయి. దానికి విరుగుడు ఒక్కటే. నడిసముద్రంలో శ్వేతశిలా ద్వీపం ఉంది, అందులో పాము కాపలా కాసే ఊట ఉంది, ఆ ఊటనీరు చెంబుడు తెచ్చి కోటబావిలో పోయాలి. శరభాంకుడు ఆ పామును గెలిచి నీరు ముంచుకున్నాడు. ఊటలోని యక్షిణి స్వయంగా మూత పెట్టి, చుట్టూ లక్క పోసి, రెండు మాటలు చెప్పింది. గుక్కెడు తగ్గినా అది ఉత్త నీరైపోతుంది. నువ్వు నీ చేత్తో ఇస్తే తప్ప ఏ మంత్రగాడూ ఈ చెంబును ముట్టలేడు.

యువరాజు బయలుదేరేనాటికి చెల్లెలు హేమాంగి తెల్లవారుజామున ఆకుల మీది మంచు నాకుతోంది. ఆ దృశ్యం కళ్ళలో పెట్టుకునే అతను ఇంత దూరం వచ్చాడు. తిరిగి వెళ్ళేదాకా ఆ పిల్ల బతికుంటుందా? ఆ ప్రశ్న వచ్చినప్పుడల్లా చెంబును ఇంకా గట్టిగా పట్టుకునేవాడు.

"బాబూ, అలా నొక్కీకు. సొట్ట పడిపోద్ది," అంది దాలమ్మ.

"సొట్ట పడితే పడనీ, ఒలకకుండా ఉంటే చాలు."

"ఒలకదు. రాజుగోరి బిడ్డ ఒళ్ళో పడుకుని హాయిగా ఊరేగతంది. నీల్లు తోడే పని దానికేటి, మాకు గానీ."

శరభాంకుడు నవ్వబోయాడు. పెదవి చిట్లి రక్తం వచ్చింది. అసిరప్ప అది చూసి బానలోంచి కొబ్బరిచిప్పతో ఇంత నీరు ముంచి ఇచ్చాడు. దారిలో తాగటానికి ఉన్న నీళ్ళు ఆ బానలోవే. అవీ సగానికి దిగిపోయాయి.

సరిగ్గా అప్పుడే దూరంగా ఒక తెప్ప కనిపించింది.

గాలి లేని సముద్రం మీద తెప్ప ఎలా వచ్చిందని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ఈ అధ్యాయం ఇలా ఉండేది కాదు. తెప్ప మీద ఒక ముసలి సన్యాసి, ఎముకల గూడులా ఉన్నాడు, జటలకు ఉప్పు పేరుకుంది. పడవ దగ్గరకు రాగానే రెండు చేతులూ జోడించి, "దాహం నాయనా," అన్నాడు.

ఆ మాట చెవిన పడిందో లేదో అసిరప్ప చుక్కాని వదిలి బాన ఎత్తాడు.

"ఆగు తండేలూ! అదంతా ఇస్తే మనకేం మిగులుతుంది? ఒక చిప్పెడు ఇద్దాం," అన్నాడు శరభాంకుడు.

ముసలివాడు అతనివైపు జాలిగా చూశాడు. "చిప్పలతో కొలిచి ఇవ్వటం సంద్రం మీద లేదు బాబూ. దాగం అన్నోడి ముందర బాన పెట్టీయాల, మనం మొకం తిప్పుకోవాల. ఆడు ఎన్ని గుక్కలు తాగినాడో సూసినా పాపమే. మా అయ్య అలాగే సేసినాడు, ఆయన అయ్యా అలాగే సేసినాడు. రేపు మనమే తెప్పమీద తేలతాం, అప్పుడు ఎవుడో మనకీ బాన దించుతాడు. మనిసన్నోడు తన దాగం మేరకే తాగుతాడు, బయపడకు."

బాన తెప్పమీదికి దిగింది. తండ్రీ కూతుళ్ళు తూర్పుకు తిరిగి కూర్చున్నారు. యువరాజు కూడా, మనసు ఒప్పక, అటే తిరిగాడు. వెనక గుటకల చప్పుడు మొదలైంది. గుటక్, గుటక్, గుటక్. అది ఆగదే! మనిషి తాగేటంత అయింది, ఎద్దు తాగేటంత కూడా అయింది.

"అయ్యా, ఆపట్లేదు," అంది దాలమ్మ మెల్లగా.

"సూడకు!" అని కసిరాడు అసిరప్ప.

శరభాంకుడు మాత్రం ఉండబట్టలేక చివాలున తిరిగాడు. బాన బోర్లించి ఉంది. సన్యాసి పొట్ట నగారాలా ఉబ్బి ఉంది. జటలు పొగై లేస్తున్నాయి, కాళ్ళు మోకాళ్ళ దాకా పొగే! యువరాజు పడవ పలకల కింద దాచిన కత్తి దూసి తెప్ప మీదికి దూకి ఒక్క వేటు వేశాడు. కత్తి పొగలోంచి పోయి తెప్ప దుంగలో దిగబడింది.

"జాలరి గోచీలో నదురుగానే ఉన్నావు యువరాజా!" ధూమ్రజంఘుడి నవ్వు ఆకాశమంతా నిండింది. "ఆ చెంబు నేను లాక్కోను. లాక్కుంటే రుచేముంది? నీ చేతే ఇప్పిస్తాను!"

పొగ చెదిరిపోయింది. కాళ్ళకింద తెప్ప ఊడిపోయి దుంగలు తలా ఒక దిక్కుకు పోయాయి. శరభాంకుడు కత్తి ఊడలాక్కుని, ఈదుకుంటూ వచ్చి పడవ అంచు పట్టుకున్నాడు. దాలమ్మ జబ్బ పట్టి పైకి లాగింది. అసిరప్ప తేలుతున్న బానను అందుకుని, లోపల చెయ్యి పెట్టి తడిమాడు. తడైనా మిగల్లేదు.

ముసలివాడు ఆ చేతిని చాలాసేపు అలాగే చూసుకున్నాడు. తర్వాత బానను బోర్లించి దాని మీద కూర్చున్నాడు. తప్పు నాదేనని ఏడవలేదు, మాంత్రికుణ్ణి తిట్టనూ లేదు. కానీ ఆ రోజు నుంచి ఎవరి మొహమూ సూటిగా చూడటం మానేశాడు.

గాలి మళ్ళీ వచ్చింది. వచ్చి ఉద్ధరించిందేమీ లేదు. కాసేపు తోస్తుంది, కాసేపు మానేస్తుంది. పడవ కొంత ముందుకు, కొంత పక్కకు పోతోంది. ఎండ, ఉప్పు, తోడుడు. ఇంతకుమించి చెప్పుకోవటానికి ఆ బతుకులో ఏమీ లేదు. ఉప్పునీళ్ళతో గుడ్డ తడిపి నెత్తిన వేసుకునేవాళ్ళు. దాలమ్మ గాలమేసి పట్టిన చేపను చీల్చి, గుడ్డలో పిండి, ఆ పసరు ముగ్గురూ చప్పరించేవాళ్ళు. చేప కళ్ళల్లో తడి ఉంటుందని యువరాజుకు నేర్పింది ఆవిడే.

"కోటలో ఇలాటి ఇందుబోజనం పెడతారేటి బాబూ?" అని అడిగింది.

"కోటలో నాకు పాలకోవా కూడా సహించేది కాదు. అబ్బబ్బ, ఎంత పొగరు నాకు!"

"ఇప్పుడు పాలకోవా ఎడితే?"

"గిన్నెతో సహా మింగుతాను."

ఆ తర్వాత నవ్వులు కూడా ఆగిపోయాయి. నాలుక వాచి నోట్లో పట్టకుండా ఉంటే నవ్వేదెలా! అయినా ఆ ముగ్గురిలో ఒక్కరూ ఒక్కసారైనా 'నీళ్ళు' అన్న మాట అనలేదు. అది పట్టుదల అనుకునేరు, కాదు. అడిగినవాడికి కాదనకూడదన్న ధర్మం పడవలోవాళ్ళకూ వర్తిస్తుంది. ఎవరైనా నోరు తెరిచి అడిగారో, ఉన్నవాడు ఇచ్చి తీరాలి. ఉన్నది ఆ చెంబే. కాబట్టి అడగకుండా ఉండటమే ఒకరికొకరు చేసుకునే మేలు. యువరాజుకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. వాళ్ళ మూసిన నోళ్ళు చూసి తనే తెలుసుకున్నాడు.

ఒక మధ్యాహ్నం దక్షిణాన మబ్బు పట్టింది. మామూలు మబ్బా అది! గున్న ఏనుగుల మంద కొండ దిగి వస్తున్నట్టు నల్లగా, బరువుగా, అంచులకు మెరుపుల జలతారుతో కదిలి వచ్చింది. దాలమ్మకు ప్రాణం లేచొచ్చింది. "అయ్యా, సాప దించు! సాప దించు!" అని అరిచింది. ముగ్గురూ తెరచాప దించి, నాలుగు కొసలూ కట్టి, వాన పట్టటానికి దొన్నెలా పరిచారు. ముగ్గురూ మొహాలు పైకెత్తి నోళ్ళు తెరుచుకుని కూర్చున్నారు.

వాన పడలేదు. మబ్బు కడుపులోంచి ఒక తొండం దిగింది. దిగి సముద్రాన్ని ముట్టుకుంది. నీరు గిరగిరా తిరుగుతూ స్తంభమై లేచింది, ఆ స్తంభం పడవ మీదికి పరుగెత్తుకొచ్చింది!

"నీటి కంబం! కత్తి సూపించు బాబూ, కత్తి సూత్తే ఇరిగిపోద్ది!" అని కేకపెట్టాడు అసిరప్ప. శరభాంకుడు చూపించటంతో ఆగలేదు. పడవ ముక్కున నిలబడి, స్తంభం మీద పడేదాకా ఆగి, రెండు చేతులా కత్తి ఎత్తి అడ్డంగా నరికాడు. ఫెళ్ళుమని పిడుగు పడ్డ చప్పుడు. స్తంభం రెండుగా తెగి, కొండంత నీరు పడవ మీద కూలింది. అంతా ఉప్పునీరే. పడవ అంచులదాకా మునిగింది. విడిగా ఉన్న తాళ్ళు, గాలాలు, తెడ్లు అన్నీ కొట్టుకుపోయాయి.

చెంబు కూడా!

యువరాజు చెంబు పెట్టిన చోటు తడుముకునేసరికి అది అలల మధ్య తళుక్కున మెరిసి మునిగింది. అతను గావుకేక పెట్టాడు. ఆ కేక పూర్తి కాకముందే దాలమ్మ దూకింది. ఎంతసేపటికీ పైకి తేలదు. అసిరప్ప పిచ్చివాడిలా నీళ్ళు తోడుతూ, తోడుతూ, "అమ్మా, అమ్మా," అంటున్నాడు. చివరికి దూరంగా ఒక చెయ్యి లేచింది, చేతిలో చెంబుంది. ఆ వెనకే నీటిని కోసుకుంటూ ఒక నల్లని రెక్క కూడా లేచింది.

"సొర!"

శరభాంకుడు కత్తి పళ్ళతో కరుచుకుని దూకాడు. సొర అప్పటికే పిల్ల పిక్క పట్టింది. అతను దాని వీపెక్కి, కంటిలో కత్తి దింపి, తిప్పి, లాగాడు. నీరంతా ఎర్రబడింది. అది తోక కొట్టిన దెబ్బకు కత్తి ఎటో పోయింది, అతను మాత్రం పడవ పక్కన తేలాడు. దాలమ్మ చెంబును ముందు పడవలోకి విసిరి, తర్వాత తను చెయ్యి అందించింది. లక్క చెక్కు చెదరలేదు. పిక్కలో మాత్రం బొమికె కనిపిస్తోంది.

అసిరప్ప తెరచాప కొస చింపి కట్టు కట్టి, మిగిలినదాన్ని మళ్ళీ కొయ్యకెత్తాడు. సాయంత్రానికి పిల్లకు జ్వరం కాచింది. మింగిన ఉప్పునీళ్ళు వాంతయ్యాయి. మర్నాటికి కళ్ళు తెరవటం మానేసింది. ఒళ్ళు తాకితే పెనం తాకినట్టుంది.

యువరాజు ఇక తట్టుకోలేకపోయాడు. చెంబు తీసుకెళ్ళి ముసలివాడి ముందు పెట్టాడు. "తండేలూ, నువ్వొక్క మాట అడుగు. నా అంతట నేను విప్పలేను. నా చెల్లెలు కళ్ళముందు కదులుతోంది. నువ్వడిగితే మాత్రం కాదనను. అడుగు!"

"నానడగను," అన్నాడు అసిరప్ప.

"నీ కూతురయ్యా!"

"నాకు తెల్దా బాబూ ఎవుల కూతురో? మా ఊరి నూతులూ ఎండిపోనాయి. దీనికి ఇద్దరు పిల్లలున్నారక్కడ. బయలెల్లినప్పుడు ఆళ్ళు మట్టి తవ్వి, ఆ సెమ్మ గుడ్డకెట్టుకుని సీకుతున్నారు." అతను కూతురి పిక్క మీది కట్టు సవరించాడు. "దీన్ని బతికించుకుని ఆ ఇద్దర్నీ సంపుకుంటే, ఇది లేచి నన్నేటి అడుగుద్ది? ఆ సెంబు తీసీ బాబూ. నా కళ్ళ ముందర ఎట్టకు."

శరభాంకుడు చెంబు తీసేశాడు. అతనికి ఏడుపొచ్చింది కానీ కళ్ళల్లో తడి లేదు.

ఎండ మళ్ళీ ఎక్కింది. గాలి మళ్ళీ పోయింది. ఆ వేళ పడవకు పడమరగా ఏదో నల్లగా కనిపించింది. పలక. పలక మీద మనిషి. ఒంటి మీద నూలుపోగు లేదు, మొహమంతా బొబ్బలెక్కి, ముక్కేదో కన్నేదో తెలియకుండా ఉంది. చేతులతో నీటిని కొడుతూ, కొడుతూ, పడవ పక్కకు వచ్చి అంచు పట్టుకున్నాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. రెండోసారి తెరిస్తే వచ్చింది.

"నీల్లు... గుక్కెడు..."

పడవలో ఎవరూ కదల్లేదు.

"వాడే," అన్నాడు శరభాంకుడు. పళ్ళు బిగుసుకున్నాయి. "వాడే వచ్చాడు. నా చేతే ఇప్పిస్తానన్నాడుగా."

అసిరప్ప పడవ అంచు పట్టుకున్న ఆ వేళ్ళనే చూస్తున్నాడు.

"బాబూ... గుక్కెడు..." పలక మీదివాడి వేళ్ళు అంచుమీద జారుతూ, మళ్ళీ పట్టుకుంటూ ఉన్నాయి. గోళ్ళు లేవు.

"మాట్లాడవేం తండేలూ? వాడేనా, కాదా? నువ్వు పుట్టినప్పటినుంచి సముద్రం మీద ఉన్నావు, చెప్పు!"

"నాకు తెల్దు."

"మరి ఏం చెయ్యను?"

"అడిగినోడికి..." అని ఆగిపోయాడు ముసలివాడు. అతని చూపు పడవ అడుగున పడుకున్న కూతురి మీద ఉంది. పిల్ల ఊపిరి తీస్తుంటే ఈల వేసినట్టు చప్పుడవుతోంది.

యువరాజు చెంబు వంక చూశాడు. నిజం చెప్పొద్దూ, అతని చెయ్యి లక్క మీదికి వెళ్ళింది. అంత ఘోరంగా ఉంది ఆ మొహం. మాంత్రికుడైతే మాత్రమేం, ఒక గుక్క పోసి ఈ నరకం వదిలించుకుందామనిపించింది. గోరు లక్కలో దిగబోయింది.

అప్పుడు అసిరప్ప లేచాడు. తెడ్లు పోయాయి కదా, చుక్కాని కర్రనే ఊడలాగి చేత పట్టుకున్నాడు. పడవ అంచుకు వచ్చి నిలబడ్డాడు.

"నీల్లు లేవు," అన్నాడు.

తాతముత్తాతల నాటి నుంచి ఆ పడవలో ఎవరూ అనని మాట అది. పలక మీదివాడు తలెత్తి చూశాడు. అతనికి కోపం రాలేదు, నమ్మాడు. అదే భరించలేని సంగతి. పొడిబారిన ఆ ఇద్దరి పెదవులనూ, పడుకున్న పిల్లనూ చూసి, ఇంకేముంది, నమ్మేశాడు.

"మీకూ లేవా? అయ్యో పాపం," అన్నాడు. "పిల్ల... పడుకున్నాది... సూసుకోండి."

అసిరప్ప చుక్కాని కర్రతో పలకను నెట్టాడు. అది మెల్లగా దూరం జరిగింది. పలక మీదివాడు చేతులు కట్టుకుని, బుగ్గ చెక్కకు ఆనించి, నిద్రపోయేవాడిలా పడుకున్నాడు. కాసేపటికి పలక ఒక పక్కకు ఒరిగింది. మళ్ళీ తిన్నగా అయ్యేసరికి దాని మీద ఎవరూ లేరు.

పొగ రాలేదు. నవ్వూ వినిపించలేదు. శరభాంకుడు ఆ పొగ కోసం, ఆ నవ్వు కోసం ఎంత ఎదురుచూశాడో చెప్పలేను. "పొగై లేస్తాడు చూడు, ఇప్పుడు లేస్తాడు," అంటూ నీటివైపే చూశాడు. నీరు నీరుగానే ఉంది.

నవ్వు వచ్చింది, కానీ కిందినుంచి కాదు. కొయ్య చివర ఒక బూడిదరంగు సముద్రకాకి వాలి, తల పక్కకు వంచి చూస్తోంది. దాని కాళ్ళు పొగలా ఉన్నాయి.

"నన్ను వెతుకుతున్నావా యువరాజా? నేనిక్కడున్నాను. ఆ పలక మీదివాణ్ణి నేను కాదు, ఒట్టు. పాపం, వాడెవడో జాలరి. తుఫానులో పడవ పోగొట్టుకుని ఈదుకుంటూ వచ్చాడు." కాకి రెక్కలు విదిలించింది. "దాహమంటూ నేను ఒక్కసారే వచ్చాను. మళ్ళీ రావలసిన పనేముంది?"

యువరాజు చేతికందిన కొబ్బరిచిప్ప విసిరాడు. అది గాలిలో పొగను చీల్చుకుని అవతల పడింది. కాకి లేదు.

అసిరప్ప చుక్కాని కర్రను యథాస్థానంలో బిగించాడు. తాళ్ళు సరిచూశాడు. తర్వాత చేతులు కడుక్కునేవాడిలా సముద్రంలో ముంచి, తుడుచుకోకుండానే వెళ్ళి కూతురి పక్కన కూలబడ్డాడు.

"అక్కడికెందుకెళ్ళావు తండేలూ? రా, చుక్కాని పట్టు."

"నాను పట్టకూడదు బాబూ. దాగమన్నోడికి లేవని అబద్దమాడిన సెయ్యి ఇది. ఇది పట్టుకుంటే గంగమ్మ పడవని మొయ్యదు. ఇక నుంచి నువ్వే తండేలువి."

"నాకు రాదయ్యా! నేను గుర్రాలెక్కినవాణ్ణి. ఈ కర్ర ఎటు తిప్పితే పడవ ఎటు పోతుందో కూడా నాకు తెలియదు!"

"సెప్తాను. నోటితో సెప్తాను, సెయ్యి ఎట్టను."

ఆ ముసలివాడితో వాదించటం దండగని శరభాంకుడికి తెలిసిపోయింది. వెళ్ళి చుక్కాని పట్టుకున్నాడు. అది అతని చేతుల్లో మొరాయించే గుర్రంలా కొట్టుకుంది. అన్నాళ్ళుగా నిలకడగా రాని గాలి అప్పుడు, సరిగ్గా అప్పుడు, ఈశాన్యం నుంచి లేచింది. చిరిగిన తెరచాప ఒక్కసారి ఫటఫటలాడి నిండిపోయింది. పడవ ముక్కు లేచింది, కుట్లన్నీ కిర్రుమన్నాయి. తరంగిణీపురం ఉన్న దిక్కుకే గాలి!

"ఎడమకి! ఇంకా ఎడమకి! కొయ్య ఇరిగిపోద్ది, సాప తాడు సడలించు!" అసిరప్ప కూతురి తల ఒళ్ళో పెట్టుకుని అరుస్తున్నాడు. యువరాజు ఒక చేత్తో చుక్కాని, ఒక చేత్తో తాడు, కాళ్ళ మధ్య చెంబు పెట్టుకుని పెనుగులాడుతున్నాడు. అలలు కొండల్లా లేచి కిందికి దిగుతున్నాయి. పడవ ఒక అల ఎక్కి, రెండో అల పక్కగా జారి, మునిగినంత పనై తేలింది. తుంపర ముఖాన కొడుతోంది. దూరాన, నిజమో భ్రమో, నీటి అంచున గీత గీసినట్టు నేల!

"తండేలూ! నేల కనిపిస్తోంది!"

యువరాజు తల తిప్పి చూశాడు.

దాలమ్మ కళ్ళు తెరిచింది. జ్వరంలో మూతపడ్డాక మళ్ళీ ఇప్పుడే తెరిచింది. జ్వరంలో తనెక్కడుందో తెలియదు, ఆ మూసిన నోళ్ళ ఒప్పందమూ గుర్తులేదు, తండ్రి మొహమొక్కటే తెలిసింది. చిన్నపిల్లలా అతని మెడ పట్టుకుని, పగిలిన పెదవులు విడదీసింది.

"అయ్యా... నీల్..."

అసిరప్ప అరచెయ్యి ఆమె నోటి మీద పడింది. మెత్తగానే పడింది, కానీ తియ్యలేదు. పిల్ల కళ్ళు ఇంతింతలై తండ్రినే చూస్తున్నాయి. ఆ చేతికింద పెదవులు కదులుతూనే ఉన్నాయి. ముసలివాడి భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"తండేలూ, దాలమ్మ ఏమన్నది?" అన్నాడు శరభాంకుడు.

"ఏటీ అనలేదు."

"నేను విన్నాను!"

"నువ్వేటీ ఇనలేదు బాబూ! ఇది ఏటీ అడగలేదు!" ముసలివాడు తలెత్తలేదు, చెయ్యీ తీయలేదు. "పెద్ద అల వస్తన్నాది, అటు సూడు. కర్ర కుడికి తిప్పు. కుడికి!"

శరభాంకుడు కర్రను కుడికి తిప్పాడు.